“ఎల్‌లో మైనస్ ఉన్నది హెచ్‌లో ప్లస్ ఎలా అయింది మేడమ్?” అని అడిగాడు, నాకు నోట మాట రాలేదు

ఈసారి ఉత్తరం రాసినామె ఒక పీజీ కాలేజీలో ఫిజిక్స్ గెస్ట్ లెక్చరర్, వయసు 27. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి అవి వదిలేసి మిగతాది క్లుప్తంగా చెప్తాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాస్, ఉద్యోగంలో ఇది రెండో ఏడాది. క్లాసికల్ మెకానిక్స్ చెప్తూ లగ్రాంజియన్ నుంచి హామిల్టనియన్‌కి వెళ్ళే చోట బోర్డు మీద హెచ్ = పీ వీ − ఎల్ అని రాశారు (ఎల్ అంటే లగ్రాంజియన్, కైనెటిక్ ఎనర్జీలోంచి పొటెన్షియల్ ఎనర్జీ తీసేసింది, హెచ్ అంటే హామిల్టనియన్, పీ మొమెంటమ్, వీ వేగం). వెనక బెంచీ అబ్బాయి లేచి, “ఎందుకు మేడమ్ పీ వీ లోంచి ఎల్ తీసేస్తున్నాం? వీ బదులు పీ పెట్టేస్తే సరిపోదా? ఎల్‌లో పొటెన్షియల్‌కి మైనస్ ఉంది కదా, హెచ్‌లోకి రాగానే ప్లస్ ఎలా అయింది?” అన్నాడు. ఈమె “అది డెఫినిషన్, పరీక్షలో అలాగే రాయండి” అనేసి ముందుకెళ్ళిపోయారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదట. థర్మోడైనమిక్స్‌లో యూ − టీ ఎస్ (యూ ఇంటర్నల్ ఎనర్జీ, టీ టెంపరేచర్, ఎస్ ఎంట్రోపీ) కూడా తను ఇలాగే బట్టీ పట్టిందేనని అప్పుడు గుర్తొచ్చింది. ఇదంతా లెజెండ్రే ట్రాన్స్‌ఫార్మ్ అనీ దాని అసలు అర్థం కాన్వెక్స్ అనాలిసిస్‌లో ఉంటుందనీ ఎవరో చెబితే లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకున్నారు, ఎపిగ్రాఫ్, సుప్రీమమ్, క్లోజ్డ్, ప్రాపర్ అనే మాటల దగ్గరే ఆగిపోయి పుస్తకం మూసేసి ఏడ్చారు. “మా అమ్మ ఇంట్లో పచ్చళ్ళు పెట్టి షాపులకి వేసి నన్ను చదివించింది, నేను చదివింది ఇదా అనిపిస్తోంది” అని రాశారు. బావగారేమో ఇది వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యమంటున్నారు. ఆమె అడిగినవి మూడు: కాన్వెక్స్ అనాలిసిస్ మొదటినుంచి నేర్చుకోవాలా, ఆ అబ్బాయికి ఏం చెప్పాలి, ఈ ఉద్యోగానికి నేను పనికొస్తానా.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను పాతికేళ్ళు పైనే ఫిజిక్స్ చెప్పాను, మీరు రాసిన ఆ క్షణం నాకు బాగా తెలుసు, బోర్డు మీద రాసింది కరెక్టే అని తెలుసు కానీ ఎందుకో తెలీదు, చేతిలో చాక్‌పీస్ ఒక్కసారి బరువెక్కిపోతుంది. ఐతే ఒకటి గమనించండి, మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయాయి. ఒకటి ఈ ట్రాన్స్‌ఫార్మ్ అర్థం కాలేదన్నది, రెండోది పిల్లాడిని కూర్చోబెట్టేశానన్నది. మొదటిదానికి కొన్ని సాయంత్రాలు చాలు, రెండోదానికి క్లాసులో పది నిమిషాలు చాలు. రెండూ ముడిపడిపోయి ఉండబట్టే మీకు అది “నేను పనికిరాను” అన్నంత పెద్దదిగా కనిపిస్తోంది. అందుకని ముందు లెక్కలోకి వెళ్దాం, ఉద్యోగం సంగతి తర్వాత.

మీ అమ్మగారి పచ్చళ్ళతోనే మొదలుపెడతాను. రోజుకి ఎక్స్ కేజీలు పెడితే ఖర్చు 100ఎక్స్ + 2ఎక్స్ స్క్వేర్ రూపాయలు అనుకోండి, అంకెలు నేను ఊహించినవే. మొదటి కేజీలకి దాదాపు కేజీకి వందలో అయిపోతుంది, పెంచేకొద్దీ మనిషిని పెట్టుకోవాలి, కాయ దూరం నుంచి తెప్పించాలి, రాత్రి మేలుకోవాలి, అందుకని ప్రతి తర్వాతి కేజీ ముందుదానికన్నా ఖరీదు. గ్రాఫ్ గీస్తే గీత పైకి వంగుతూ పోతుంది. కాన్వెక్స్ అంటే ఇంతకన్నా ఏం లేదు, ఎక్కడా వాలు తగ్గకూడదు.

ఇప్పుడు షాపువాడు కేజీకి 180 ఇస్తానన్నాడు. అమ్మగారు ఎన్ని కేజీలు పెట్టాలి? ఆఖరి కేజీకి అయ్యే ఖర్చు 180కి చేరేదాకా పెడుతూ పోవాలి, ఆ ఆఖరి కేజీ ఖర్చు 100 + 4ఎక్స్, అంటే 20 కేజీలు. వచ్చేది 3600, ఖర్చు 2800, మిగిలేది 800. రేటు 140 ఐతే 10 కేజీలు, మిగిలేది 200. రేటు 220 ఐతే 30 కేజీలు, మిగిలేది 1800. ఇలా ప్రతి రేటుకీ “ఎంత బాగా చేసినా గరిష్ఠంగా ఎంత మిగులుతుంది” అని ఇంకో నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోండి. మొదటి నోట్‌బుక్ కేజీలని బట్టి ఖర్చు, రెండోది రేటుని బట్టి మిగులు. ఆ రెండో నోట్‌బుక్కే లెజెండ్రే ట్రాన్స్‌ఫార్మ్. రేటు పీ అయితే పీ ఎక్స్ లోంచి ఖర్చు తీసేసి, అన్ని ఎక్స్‌లలోకీ పెద్దది తీసుకోవడం. మన ఉదాహరణలో పీ 100 దాటాక అది (పీ − 100) స్క్వేర్ బై 8 అవుతుంది, 180 వేసి చూసుకోండి, 800 వస్తుంది. రేటు వందకి తక్కువైతే అసలు పెట్టకపోవడమే మేలు కాబట్టి మిగులు సున్నా.

కాబట్టి మీ స్టూడెంట్ మొదటి ప్రశ్నకి జవాబు, పీ ని రేటు, వీ ని కేజీలు అనుకుంటే పీ వీ వచ్చిన డబ్బు, ఎల్ ఖర్చు, తీసేస్తే మిగిలేది హెచ్.

ఇక రెండోది, “వీ బదులు పీ పెట్టేస్తే సరిపోదా” అన్నది. మంచి ప్రశ్న ఇది, చాలా పుస్తకాలు దీన్ని ఎత్తవు. ఎక్స్ స్క్వేర్ బై 2 తీసుకోండి, వాలు పీ = ఎక్స్, ఎక్స్ బదులు పీ పెడితే పీ స్క్వేర్ బై 2. ఇప్పుడు అదే గీతని మూడు గళ్ళు కుడికి జరపండి, (ఎక్స్ − 3) స్క్వేర్ బై 2. వాలు పీ = ఎక్స్ − 3, పెడితే మళ్ళీ పీ స్క్వేర్ బై 2 యే. రెండు వేర్వేరు గీతలకి ఒకే జవాబు వచ్చింది, అంటే గీత ఎక్కడుందన్న సమాచారం పోయింది, ఇక వెనక్కి రాలేం. లెజెండ్రే పద్ధతిలో చేస్తే మొదటిదానికి పీ స్క్వేర్ బై 2, రెండోదానికి పీ స్క్వేర్ బై 2 + 3పీ, జరిపిన ఆ మూడు గళ్ళూ భద్రంగా ఉన్నాయి. ఇది ఆ అబ్బాయితోనే బోర్డు మీద చేయించండి, అయిదు నిమిషాల పని.

మూడోది మైనస్ ప్లస్ అవ్వడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. అమ్మగారు పచ్చళ్ళ కోసం ఒక గది అద్దెకి తీసుకున్నారు, రోజుకి 300 పడుతుంది. ఖర్చు గీత మొత్తం 300 పైకి లేచింది. 180 రేటుకి ఎన్ని కేజీలు పెట్టాలి? అవే 20, అద్దె వల్ల ఆఖరి కేజీ ఖర్చేం మారదు కదా. మిగులు మాత్రం 800 నుంచి 500కి పడింది. ఖర్చులో ప్లస్ 300 అంటే మిగులులో మైనస్ 300. అదే ఎవరైనా రోజూ 300 ఊరికే ఇస్తుంటే ఖర్చులో మైనస్, మిగులులో ప్లస్. లగ్రాంజియన్‌లో పొటెన్షియల్ వేగంతో సంబంధం లేకుండా మైనస్‌తో కూర్చున్న అద్దె లాంటిది, వేగాన్ని కదిపే ఈ లెక్కలో అది అసలు పాల్గొనదు, అందుకే హెచ్‌లోకి వచ్చేసరికి గుర్తు తిరగబడుతుంది. అర ఎం వీ స్క్వేర్ మాత్రం నిజమైన ఖర్చు గీత, దాని వాలు ఎం వీ, అదే పీ, దాని మిగులు పీ స్క్వేర్ బై 2ఎం, గుర్తు ప్లస్‌గానే ఉంటుంది. అలా హెచ్ = పీ స్క్వేర్ బై 2ఎం + పొటెన్షియల్. అద్దె పెట్టినా కేజీలు మారనట్టే పొటెన్షియల్ ఉన్నా పీ = ఎం వీ మారదు. (మాగ్నెటిక్ ఫీల్డ్‌లో ఆ అద్దె వేగం మీద ఆధారపడుతుంది, అందుకే అక్కడ పీ మారిపోతుంది, అదింకో క్లాసు.) ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, కదిలే రాయి లాభం చూసుకుని వేగం ఎంచుకోదు. ఇక్కడ గరిష్ఠం అనేది ఒక గీతని వాలుల లెక్కలో రాసుకునే పద్ధతి మాత్రమే, పిల్లలు దాన్ని కారణం అనుకోకుండా చూడండి.

ఇదే బొమ్మని స్కేలుతో చూడొచ్చు. ఖర్చు గీత గీసిన గ్రాఫ్ కాగితం మీద స్కేలుని 180 వాలులో కింద పెట్టి, ఆ వాలు చెదరకుండా మెల్లగా పైకి జరపండి. గీతని ఎక్కడ తాకితే అక్కడ ఆపండి, ఎక్స్ = 20 దగ్గర తాకుతుంది, మనం తెలుగు మీడియంలో స్పర్శరేఖ అని చదువుకున్నది అదే. ఇప్పుడు స్కేలు నిలువు అక్షాన్ని ఎక్కడ కోసిందో చూడండి, −800 దగ్గర. గుర్తు తిప్పితే 800, మిగులు. అంటే గీతని “ఈ ఎక్స్‌కి ఈ ఎత్తు” అని చుక్కలుగా చెప్పే బదులు “ఈ వాలున్న స్పర్శరేఖ ఇక్కడ కోస్తుంది” అని గీతలుగా చెప్తున్నాం. వస్తువు ఒకటే, చెప్పే తీరు మారింది.

మీరు ఏడ్చిన ఆ ఎపిగ్రాఫ్ ఇక్కడే వస్తుంది. గీత పైనున్న జాగా మొత్తాన్ని ఎపిగ్రాఫ్ అంటారు, అంతే. ఆ జాగాలో ఏ రెండు చుక్కల మధ్య దారం లాగినా దారం జాగాలోనే ఉంటే గీత కాన్వెక్స్. అలాంటి జాగాని కిందనుంచి అన్ని వాలుల్లోనూ స్కేళ్ళు పెట్టి చుట్టేస్తే మళ్ళీ అదే జాగా వస్తుంది, ఏమీ పోదు. పుస్తకాల్లో మాగ్జిమమ్ అనకుండా సుప్రీమమ్ అంటారేంటి అంటే కొన్నిసార్లు ఆ గరిష్ఠానికి దగ్గరికి వెళ్తూనే ఉంటాం తప్ప చేరం. e పవర్ ఎక్స్‌కి సున్నా వాలులో స్కేలు పెట్టి చూడండి, ఎక్కడా తాకదు, ఎడమవైపు ఎంత దూరం వెళ్ళినా దగ్గరవుతూనే ఉంటుంది. క్లోజ్డ్, ప్రాపర్ అనేవి మొదటి నెలలో మీకు అక్కర్లేదు, నిజంగా చెప్తున్నా, వదిలేయండి.

వెనక్కి రావడం కూడా ఒకసారి చేసి చూపిస్తాను, ఎందుకంటే ఇది చూశాకే నాకు మనసు నిమ్మళించింది. అమ్మగారి ఖర్చు నోట్‌బుక్ పోయింది, మిగులు నోట్‌బుక్ ఉంది. 20 కేజీలకి ఖర్చెంత? 140 రేటుతో 20 కేజీలు అమ్మితే 2800 వస్తుంది, మిగులు 200 తీసేస్తే 2600. 180తో 3600 లోంచి 800 తీస్తే 2800. 220తో 4400 లోంచి 1800 తీస్తే మళ్ళీ 2600. అన్నిట్లోకీ పెద్దది 2800, అదే అసలు ఖర్చు. పెద్దదే ఎందుకు తీసుకోవాలి అంటే, ఖర్చు అంతకన్నా తక్కువైతే ఆ 180 రేటు దగ్గర 800 కన్నా ఎక్కువే మిగిలేది, కానీ 800 గరిష్ఠం అని రాసి ఉంది కదా. ఏ పద్ధతిలో వెళ్ళామో అదే పద్ధతిలో వెనక్కి వచ్చాం. ఇంకోటి కూడా చూడండి, రేటు 180 నుంచి 184కి పెరిగితే మిగులు 800 నుంచి 882 అవుతుంది, నాలుగు రూపాయలు ఇంటూ 20 కేజీలు 80, ఆ పైన రెండు రూపాయలు ఒక కేజీ ఎక్కువ పెట్టినందుకు. అంటే మిగులు గీత వాలు కేజీలే. ఖర్చు గీత వాలు రేటు, మిగులు గీత వాలు కేజీలు. హామిల్టన్ ఈక్వేషన్లలో హెచ్‌ని పీతో డిఫరెన్షియేట్ చేస్తే వేగం వస్తుంది అని మనం బట్టీ పట్టేది ఇదే.

మరి కాన్వెక్స్ కాకపోతే? 40 కేజీలు దాటితే నూనె, కారం హోల్‌సేల్‌లో చవగ్గా వస్తాయి అనుకోండి, గీత మధ్యలో ఉబ్బుతుంది. అప్పుడు ఏ రేటు చెప్పినా అమ్మగారు ఆ ఉబ్బు మీదున్న 30 కేజీలు పెట్టరు, రేటు కొద్దికొద్దిగా పెంచుతుంటే ఒకచోట ఉన్నట్టుండి తక్కువ నుంచి ఎక్కువకి గెంతుతారు, మిగులు గీతకి అక్కడ మూల పడుతుంది. 30 కేజీలకి ఎంతవుతుందో మిగులు నోట్‌బుక్‌కి అసలు తెలీదు, వెనక్కి లెక్క వేస్తే ఉబ్బు బదులు ఒక తిన్నని వంతెన వస్తుంది. నీళ్ళు మరగడం ఇదేనమ్మా. రేటు బదులు టెంపరేచర్, కేజీల బదులు ఎంట్రోపీ పెట్టుకోండి, 100 డిగ్రీల దగ్గర ఎంట్రోపీ గెంతుతుంది, గ్యాస్ ప్రెషర్, వాల్యూమ్‌ల వాండర్‌వాల్స్ గీత మీద మాక్స్‌వెల్ గీసిన అడ్డగీత ఆ తిన్నని వంతెన తాలూకుదే. యూ − టీ ఎస్ ఎందుకంటే, ల్యాబ్‌లో ఎంట్రోపీని మనం తిప్పలేం, టెంపరేచర్‌ని తిప్పగలం, రేటు బజారు చేతిలో ఉన్నట్టు టెంపరేచర్ చుట్టూ ఉన్న హీట్ బాత్ (ఒకే వేడిలో నిలిపి ఉంచే పరిసరం) చేతిలో ఉంటుంది. గుర్తు మాత్రం మెకానిక్స్‌కి తిరగేసి రాస్తారు, టీ ఎస్ − యూ కి బదులు యూ − టీ ఎస్, మిగులుకి మైనస్ పెట్టినట్టు. ఈ రెండు క్లాసుల మధ్య పిల్లలు తికమకపడేది ఈ ఒక్క గుర్తు దగ్గరే, ఎవరూ చెప్పరు.

ఇక మీ మొదటి ప్రశ్నకి వస్తాను. కాన్వెక్స్ అనాలిసిస్ మొత్తం మొదటినుంచి చదవడం ఒక దారి. ఈ సబ్జెక్టుకి ఆధారంగా చెప్పుకునే రాకఫెల్లర్ పుస్తకం 1970లో వచ్చింది, గొప్పది, కానీ మొదటిసారి చదివేవాళ్ళని చెయ్యి పట్టుకుని నడిపించే రకం కాదు. దాంతో మొదలుపెడితే మీకు కనీసం ఒక ఏడాది సాయంత్రాలు పోతాయి, మీరు ఆప్టిమైజేషన్‌లో పీహెచ్‌డీ వైపు వెళ్తాను అంటే అది వృథా కాదు, లేదంటే ఈ సెమిస్టర్‌లో మీ పిల్లలకి అందేది తక్కువ. రెండో దారి ఇది పక్కన పెట్టి సిలబస్ పూర్తి చెయ్యడం. తప్పేమీ కాదు, చాలామంది చేస్తారు, కానీ మీ ఉత్తరం చదివాక మీరు అలా ఉండగలరని నాకనిపించట్లేదు, వచ్చే ఏడాది ఇదే పేజీ దగ్గరికి రాగానే మళ్ళీ అదే భయం వస్తుంది. మూడోది మధ్య దారి, ఒకే వేరియబుల్‌తో, గ్రాఫ్ కాగితం మీద, స్కేలుతో, రెండు మూడు వారాలు. దాంతో మెకానిక్స్‌కీ థర్మోకీ కావలసినంత వస్తుంది, దానిలో నష్టం ఏంటంటే చాలా వేరియబుల్స్ వచ్చినప్పుడూ వాలు నిర్వచించలేని మూలలు వచ్చినప్పుడూ చెయ్యి ఆగుతుంది, ఆ ఆగిన చోట పుస్తకం తెరిస్తే అప్పుడు ఎపిగ్రాఫ్ మిమ్మల్ని భయపెట్టదు. నా మొగ్గు దీనివైపే, కానీ మీ టైమూ ఓపికా మీకే తెలుసు.

ఇంకో మాట. లెజెండ్రే దీన్ని వాడింది 1787లో, ఏవో పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు సాల్వ్ చెయ్యడానికి. హామిల్టన్ మెకానిక్స్ పేపర్లు 1834, 1835. “అన్నిట్లోకీ పెద్దది తీసుకో” అనే ఈ రూపంలో కాన్వెక్స్ ఫంక్షన్లకి దీన్ని పద్ధతిగా కట్టిన ఫెంచెల్ పేపర్ 1949. అంటే మొదటిదానికీ దీనికీ మధ్య 162 ఏళ్ళు. మీకు ఎమ్మెస్సీలో నేర్పింది ఆ పాత రూపం, డిఫరెన్షియేట్ చేసి, వీ కోసం సాల్వ్ చేసి, పెట్టేసే పద్ధతి, అందులో ఈ బొమ్మ కనిపించదు. మీకు కనిపించకపోవడం మీ తెలివి తక్కువై కాదు.

ఆ అబ్బాయి విషయం. ఒక్కడినే పిలిచి చెప్పొచ్చు, అప్పుడు మీకు ఇబ్బంది తక్కువ, కానీ ఆ రోజు “పరీక్షలో అలాగే రాయండి” అన్నది క్లాసంతా విన్నారు, మిగతావాళ్ళకి అదే మిగిలిపోతుంది. క్లాసులోనే “ఆ రోజు నాకు సరిగ్గా తెలీక అలా అన్నాను, ఇప్పుడు చూద్దాం” అని మొదలుపెడితే ఒక్క నిమిషం గొంతు వణుకుతుంది, ఒకరిద్దరు నవ్వొచ్చు కూడా. కానీ ఆ తర్వాత మీ క్లాసులో ప్రశ్నలు పెరుగుతాయి, నా క్లాసులో అలాగే జరిగింది. ఏమీ అనకుండా వచ్చే టాపిక్‌లో కలిపేసి చెప్పడం కూడా ఉంది, అది కూడా పర్లేదు, కాకపోతే ఆ ప్రశ్న తనదే అని ఆ పిల్లాడికి తెలియాలి.

ఉద్యోగం సంగతి, బావగారి మాటని కోపంగా తీసుకోకండి. గెస్ట్ లెక్చరర్ జీతం, ఏడాదికేడాది కాంట్రాక్టు, ఇవన్నీ నిజమైన కష్టాలు, ఇంట్లో ఇబ్బందిగా ఉంటే కోర్సు చెయ్యడంలో సిగ్గేం లేదు. కానీ ఆ నిర్ణయం డబ్బు లెక్క చూసుకుని తీసుకోండి, ఈ ఒక్క క్లాసు చూసి కాదు. భయంతో మానేస్తే ఇదే భయం అక్కడ ఇంకో రూపంలో వస్తుంది. పైగా ఈ కాంజుగేట్ ఫంక్షన్లూ (మన మిగులు నోట్‌బుక్కే) డ్యువాలిటీ (ఒకే లెక్కని ఇలా రెండు వైపుల నుంచి చూడటం) మెషిన్ లెర్నింగ్‌లోనూ పనికొచ్చేవే, ఏ వైపు వెళ్ళినా ఈ రెండు మూడు వారాలు వృథా పోవు. నిర్ణయం మాత్రం సెమిస్టర్ అయ్యాక తీసుకోండి, మధ్యలో వద్దు.

ఈ ఆదివారం చెయ్యడానికి ఒక లెక్క ఇస్తాను. మాడ్యులస్ ఎక్స్ గీయండి, సున్నా దగ్గర మూల ఉంటుంది, అక్కడ డిఫరెన్షియేట్ చెయ్యలేం కాబట్టి పాత పద్ధతి ఆగిపోతుంది. స్కేలుతో చెయ్యండి. −1 నుంచి +1 దాకా ఏ వాలు పెట్టినా స్కేలు ఆ మూలనే ఆనుకుని ఉంటుంది, మిగులు సున్నా. వాలు ఏ వైపైనా ఆ హద్దు దాటితే స్కేలుని ఎంత కిందికి జరిపినా ఎక్కడో గీతని దాటేస్తూనే ఉంటుంది, మిగులు అనంతం. ఒక్క మూల వెళ్ళి ఒక తిన్నని గీత అయింది చూశారా, ఇందాక పచ్చళ్ళ గెంతులో తిన్నని వంతెన వెళ్ళి మూల అయినట్టే. అది అయ్యాక e పవర్ ఎక్స్ చెయ్యండి, పీ లాగ్ పీ − పీ వస్తుంది. ఆ పీ లాగ్ పీ ని మీరు స్టాటిస్టికల్ మెకానిక్స్ క్లాసులో ఇంతకుముందే చూసుంటారు. ఎక్కడ చూశారో మీకు గుర్తొచ్చాక, చెప్పకుండా ఆ వెనక బెంచీ అబ్బాయికి ఇచ్చి వెతకమనండి.